సీరియల్ నంబరుతో జాగ్రత్త: ఏది దాచాలి, ఏది దగ్గరుంచుకోవాలి

పోయిన వేసవిలో ఒక రిటైర్డ్ మాస్టారు కంగారుగా మా రిపేరు షాపుకి వచ్చారు. పాత ల్యాప్‌టాప్ అమ్ముదామని ఆన్‌లైన్‌లో ఫొటోలు పెట్టారట. మర్నాడే ఎవడో ఫోన్ చేసి, కంపెనీ సర్వీసు వాళ్లమని సీరియల్ నంబరు పొల్లుపోకుండా చదివాడు. నంబరు సరిపోయింది కదా అని ఆయన ఓటీపీ చెప్పబోయారు, అంతలో వాళ్లమ్మాయి ఫోన్ లాక్కుంది. నంబరు వాడికెక్కడిదో నాకు ఫొటో చూడగానే తెలిసింది. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కరు స్పష్టంగా కనిపిస్తోంది.

అందుకే ఫొటో తీసే ముందు స్టిక్కరు మీద కాగితం అంటించండి. బిల్లూ, అట్టపెట్టె ఫొటోలకీ అంతే.

ఇక వైఫై. నెట్‌వర్క్ కార్డుకి ఫ్యాక్టరీలోనే 48 బిట్ల మ్యాక్ అడ్రస్, అంటే ఆ కార్డుని గుర్తుపట్టే నంబరు, ఇస్తారు. అది అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిపి 12 ఉంటుంది, అందులో మొదటి ఆరు చూస్తే తయారుచేసిందెవరో తెలుస్తుంది. మాల్‌లోనో హోటల్లోనో వైఫైకి కలిస్తే అది అక్కడి రౌటర్‌కి చేరుతుంది. మీరు పేరు చెప్పకపోయినా, నిన్నొచ్చిన మెషీనే ఇవాళా వచ్చిందని వాళ్లు పోల్చుకోగలరు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’, అందులో వైఫై తెరిచి ‘ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్’ ఆన్ చేయండి, అప్పుడు అసలు అడ్రస్‌కి బదులు వేరేది వెళ్తుంది. ఆ స్విచ్ అసలు లేకపోతే మీ కార్డుకి ఆ సౌకర్యం లేనట్టే.

ఆన్ చేసి వదిలేయకండి, చూసుకోండి. కొత్తగా కలిసిన వైఫై వివరాల్లో మ్యాక్ అడ్రస్ రెండో అక్షరం 2, 6, A, E లలో ఏదైనా అయితే అది ఫ్యాక్టరీది కాదు, అప్పటికప్పుడు పుట్టించింది. ఇంటి రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (ముందే రాసిపెట్టిన అడ్రస్‌లనే రానిచ్చే ఏర్పాటు) ఉంటే ఆ ఒక్క వైఫైకి ఈ ర్యాండమ్ అడ్రస్ ఆఫ్ చేసుకోండి, లేకపోతే నెట్ రాదు.

ప్రాసెసరులో కూడా నంబరుంటుందా అని కొందరు అడుగుతారు. 1999లో ఇంటెల్ పెంటియం 3లో సాఫ్ట్‌వేర్ చదవగలిగే 96 బిట్ల నంబరు పెట్టింది. అమెరికాలో గోప్యత కోసం పనిచేసే సంఘాలు ఆ చిప్పులు కొనొద్దని పిలుపిచ్చాయి. పెంటియం 4కి వచ్చేసరికి దాన్ని తీసేశారు. ఆ పోరాటమంటే నాకు చాలా గౌరవం.

ఫోన్‌లో *#06# కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, సంగతి వేరు. దాన్ని మార్చిపెట్టమని నా దగ్గరికీ వస్తుంటారు. నేను చెయ్యను, మీరు ఎక్కడా చేయించొద్దు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. పైగా ఫోన్ పోయిననాడు ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి అదే కావాలి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఆ ఫోన్‌లోనే దాచుకోకండి.