కలిసి వాయిద్దాం – 4వ పాఠం: పాడేవాళ్ళ 'స' ఎక్కడుందో పట్టుకోవడం

పోయిన పాఠంలో తాళం చూశాం. ఆదితాళం ఎనిమిది, మిశ్రచాపు ఏడు, తొడ మీద వేసుకుంటూ పది నిమిషాలు తడబడకుండా నిలబడడం. అది ఇంకా కుదరనివాళ్ళు ముందు దాని పని చూసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు. కుదిరినవాళ్ళు కీబోర్డో, హార్మోనియమో ముందు పెట్టుకుని కూర్చోండి. గిటారువాళ్ళకి కూడా చివర్లో కొంత ఉంది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక మాట. ఈ పాఠాలు కచేరీ చేయడానికి కాదు. మా కడపలో యర్రముక్కపల్లి వైపు ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో శనివారం సాయంత్రం ఎవరైనా వచ్చి పాడొచ్చు, వాయించొచ్చు. అలాంటిచోట బెదరకుండా నలుగురితో కలిసి వాయించడానికే ఈ పాఠాలు. రామాలయం భజనల్లో పాడి పాడి గొంతు బండబారిన పెద్దాయన వస్తాడు. గిటారు వీపుకి తగిలించుకుని ఇంజనీరింగ్ పిల్లలు వస్తారు. పెద్ద దర్గా ఉరుసుకి ఏటా కవ్వాలీ వినడానికి వెళ్ళి, అలా వింటూనే నేర్చుకున్న భాయ్ ఒకాయన వస్తాడు. డప్పు అన్న వస్తే ముందు హాలు వెనక్కి పోయి, నాలుగు పాత పేపర్లు ముట్టించి చర్మం కాచుకుని వస్తాడు. వానాకాలం అయితే రెండుసార్లు. పిల్లలు దీన్ని 'జామ్' అంటారు. పెద్దాయనకి అంతా భజనే, సినిమా పాట పాడినా భజనే.

ఇంట్లో మనం వాయించేటప్పుడు పాట మనది, శ్రుతి మనది. అక్కడ అలా కాదు. ఎవరో గొంతు సవరించుకుంటారు, మొదలుపెట్టేస్తారు. ఏ శ్రుతో చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. మీ చేతిలో ఉన్నది ఒక పల్లవి తిరిగేంత సమయం. అంతలో వాళ్ళ 'స', అంటే సరిగమల్లో మొదటిది, పాటంతా ఆనుకునే స్వరం, మీ మెట్ల మీద ఎక్కడుందో పట్టుకోవాలి. అది ఏ మెట్టయితే అదే వాళ్ళ శ్రుతి.

ముందు మెట్లకి పేర్లు. నల్లమెట్లు రెండు ఒక జట్టు, మూడు ఒక జట్టుగా ఉంటాయి కదా. రెండిటి జట్టుకి ఎడమ పక్కన ఆనుకుని ఉన్న తెల్లమెట్టు ఒకటో శ్రుతి. గిటారు పిల్లలు సి అనేది అదే. అక్కడినుంచి తెల్లవి వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. నల్లవి అరలు: రెండిటి జట్టులో ఒకటిన్నర, రెండున్నర, మూడిటి జట్టులో నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర అనేది లేదు, మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టే లేదు. కొత్తవాళ్ళని ఏడిపించడానికి మా పెద్దాయన "మూడున్నర పట్టు నాయనా" అంటాడు. మొదటి వారం నేను నిజంగానే వెతికాను.

మగవాళ్ళు ఎక్కువమంది ఒకటి నుంచి రెండు లోపల పాడతారు, ఆడవాళ్ళు ఐదు నుంచి ఆరు లోపల. ఇది రూలు కాదు, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తు.

భాయ్ దగ్గర లెక్క వేరు. హిందుస్తానీ వైపు వాళ్ళు నల్లమెట్లని విడిగా లెక్కపెడతారు: కాలీ ఏక్, కాలీ దో, కాలీ తీన్, కాలీ చార్, కాలీ పాంచ్. తెల్లవాటిని సఫేద్ ఏక్, సఫేద్ దో అంటారు. ఒకసారి ఆయన నా వైపు తిరిగి "కాలీ చార్" అన్నాడు. చార్ అంటే నాలుగు, కాలీ అంటే నల్లది, ఇంకేముంది, నాలుగున్నర అనుకుని వేలు పెట్టి ధీమాగా నొక్కాను. ఆయన ఎత్తుకున్నది ఐదున్నర. నల్లమెట్లలో నాలుగోది అదే మరి. రెండు మెట్ల తేడా. ఆయన పాట ఆపలేదు, కన్నెర్ర చేయలేదు, ఎడమ చెయ్యి చాపి నా కీబోర్డు వాల్యూమ్ మెల్లగా తగ్గించేసి పాడుకుంటూ పోయాడు. దాని కన్నా తిట్టినా బాగుండేది. అందుకని ఇది అట్ట మీద రాసి కీబోర్డుకి అంటించుకోండి: కాలీ ఏక్ ఒకటిన్నర, కాలీ దో రెండున్నర, కాలీ తీన్ నాలుగున్నర, కాలీ చార్ ఐదున్నర, కాలీ పాంచ్ ఆరున్నర.

ఇప్పుడు అసలు పని.

పాట మొదలవగానే మెట్ల మీద చెయ్యి వేయొద్దు. వినండి. పల్లవి ముగిసి మళ్ళీ మొదటికి వచ్చేచోట గొంతు ఒకచోట కుదురుతుంది, ఊపిరి తీసుకుంటారు. చాలా పాటల్లో అదే 'స'. ఆ స్వరాన్ని పెదాలు మూసుకుని లోపల్లోపల మ్... అని పట్టుకోండి. పాట పైకి పోనీ, కిందికి రానీ, మీరు మాత్రం ఆ ఒక్క స్వరమే అంటూ ఉండండి. పాట ఎన్ని తిరుగుళ్ళు తిరిగినా మీ మూలుగుతో పేచీ పడకపోతే మీరు సరైనచోట ఉన్నట్టే. దాన్ని వదలకుండా అప్పుడు ఒక్క వేలితో మెట్ల మీద వెతకండి. మగ గొంతయితే ఒకటిన్నర దగ్గర మొదలుపెట్టి అటొకటి ఇటొకటి.

ఈ వెతుకులాట జనానికి వినబడకూడదు. ఇంట్లో వాడే కీబోర్డులు చాలావాటిలో ఇయర్‌ఫోన్ గుచ్చితే స్పీకర్ ఆగిపోతుంది. ఒక చెవిలో పెట్టుకుని వెతుక్కుని, దొరికాక పీకేయండి. హార్మోనియం వాళ్ళకి ఆ సుఖం లేదు. తిత్తి బాగా తక్కువగా ఊదుతూ, ఒక్కో మెట్టునీ ముట్టీ ముట్టనట్టు నొక్కి చూడాలి. భాయ్ లాగా పాడేవాళ్ళే హార్మోనియం వాయిస్తుంటే ఇదంతా అక్కర్లేదు, ఆయన వేళ్ళు చూడండి. కాపీ కొట్టడం ఇక్కడ తప్పు కాదు.

'స' దొరికిందనుకున్నాక పరీక్ష. 'స'ని వదిలి దాని పక్క మెట్టు ఒకటి అనుకుని, తెల్లదీ నల్లదీ అన్న తేడా లేకుండా వరసగా లెక్కపెడితే ఏడో మెట్టు 'ప'. రెండూ కలిపి నొక్కి పట్టండి, తంబురా లాగా. పాట దాని మీద హాయిగా కూర్చుంటే సరే. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు 'ప'ని పట్టుకుని 'స' అనుకోవడం. చాలాసేపు బాగానే ఉన్నట్టుంటుంది, పల్లవి ముగిసేచోట బయటపడుతుంది: పాట ఇంటికి చేరింది, మీరింకా వీధి మలుపులోనే ఉన్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. హిందోళం అనే రాగంలో 'ప' ఉండదు. పాట హిందోళంలో ఉంటే మీ 'స' సరైనదే అయినా 'ప' ముల్లులా గుచ్చుకుంటుంది. అప్పుడు 'స' మార్చేయకండి. 'ప' వదిలి ఐదో మెట్టు, అంటే 'మ' కలిపి చూడండి.

'స' కోసం ఇంత పట్టుదల ఎందుకో ఈ పక్క ఆట ఆడితే అర్థమవుతుంది. అరగంట ఆడండి, నేను వారం ఆడాను. తెల్లమెట్లు ముట్టుకోకుండా నల్లమెట్లు మాత్రమే వాయించండి. మూడిటి జట్టులో మొదటిది, నాలుగున్నర, 'స' అనుకుని అక్కడినుంచి వరసగా ఐదు మెట్లు పైకెళ్ళి కిందికి రండి. అది మోహన రాగం. వేళ్ళు మార్చకండి, మెట్లు మార్చకండి. 'స' మాత్రం అదే జట్టులో చివరి నల్లమెట్టు, ఆరున్నర, అనుకోండి. హిందోళం అయిపోయింది. రెండిటి జట్టులో రెండోది, రెండున్నర, 'స' అయితే శుద్ధధన్యాసి. మొదటిది, ఒకటిన్నర, అయితే శుద్ధసావేరి. ఐదున్నర అయితే కచేరీ చివర్లో పాడుకునే మధ్యమావతి. అవే ఐదు మెట్లు, ఐదు రాగాలు. సంగీతం వాళ్ళు దీన్ని గ్రహభేదం అంటారు. పేరు మర్చిపోయినా పరవాలేదు. ఫోన్లో తంబురా యాప్ పెట్టి, ఒక్కో రాగానికీ దాని 'స' మోగిస్తూ వాయించండి. తంబురా లేకపోతే చెవి మోసపోయి మళ్ళీ మోహనంలోకే జారుతుంది. హాల్లో మనకి జరిగేదీ అదే. పాడేవాళ్ళు హిందోళంలో ఉంటారు, మనం ఒక్క తప్పు మెట్టు కూడా నొక్కకుండా మోహనంలో ఉంటాం. తప్పెక్కడో తెలియక చెమటలు పడతాయి.

ట్రాన్స్‌పోజ్ బటన్, అంటే కీబోర్డు మొత్తాన్ని కొన్ని మెట్లు పైకో కిందికో జరిపేది, దాని గురించి అడుగుతున్నారు. వాడొచ్చా? వాడండి. ఒకటిన్నర పాటకి ఒక మెట్టు పెంచుకుని ఒకటో శ్రుతి వేళ్ళతో వాయించేయొచ్చు. పెద్దవాళ్ళు వెక్కిరిస్తారు గానీ, అన్ని శ్రుతుల్లోనూ వేళ్ళు తిరిగేదాకా ఇంట్లో కూర్చుంటే ఏళ్ళు గడిచిపోతాయి. ఒక్కటే షరతు: పాట అయిన మరుక్షణం సున్నాకి తిప్పేయాలి. నేను ఒకసారి మరిచిపోయి తర్వాతి పాటలో చెయ్యి వేశాను. పెద్దాయన పాట ఆపి, "యాడున్నావు నాయనా, కడపలోనేనా?" అన్నాడు. హాలంతా నవ్వింది, నాతో సహా.

పాత హార్మోనియంతో ఇంకో తలనొప్పి ఉంది. రీడ్లు ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం అటో ఇటో జరుగుతాయి. మెట్టు సరిగ్గా అదే అయినా మీ కీబోర్డుకీ దానికీ మధ్య ఒక గిర్రుమనే అల వినబడుతుంది. కీబోర్డులో ట్యూనింగ్ 440 అని ఉంటుంది, దాన్ని ఒక్కొక్క అంకె మారుస్తూ ఆ అల నెమ్మదించేదాకా చూడండి. ఇది పాటలు మొదలవకముందే చేసుకోవాలి.

గిటారువాళ్ళకి సులువు దారి కాపో, అంటే తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు. మొదటి ఫ్రెట్ మీద బిగిస్తే సి షేప్‌తో ఒకటిన్నర, డి షేప్‌తో రెండున్నర, జి షేప్‌తో ఐదున్నర, ఏ షేప్‌తో ఆరున్నర వచ్చేస్తాయి. నాలుగున్నర ఒక్కదానికి రెండో ఫ్రెట్‌కి జరిపి ఇ షేప్ పట్టుకోండి. అంతే.

తబలా ఆయన వచ్చిన రోజు మాత్రం అందరూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలి. కుడి తబలాని 'స'కి కట్టడానికి సుత్తితో చుట్టూ తట్టుకుంటూ రావాలి, ప్రతి పాటకీ మార్చమంటే పాపం ఆయన రాత్రంతా తడుతూనే ఉండాలి. అందుకే మా హాల్లో ఒకటిన్నర వాళ్ళంతా వరసగా పాడేస్తారు. తర్వాత నాలుగున్నర వాళ్ళు వచ్చినా ఆయన సుత్తి తీయడు. ఒకటిన్నర అనేది నాలుగున్నరకి 'ప' అవుతుంది, కాబట్టి తబలా కలిసిపోతుంది. నాలుగున్నర నుంచి ఏడు మెట్లు లెక్కపెట్టి చూసుకోండి.

ఒక ప్రశ్న మాత్రం పాట మొదలవకముందే, సిగ్గుపడకుండా అడగాలి, ముఖ్యంగా ఎవరైనా అన్నమయ్య కీర్తన అన్నప్పుడు: "ఏ బాణీలో?" అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక మనకి పక్కనే, రాజంపేట దగ్గర ఉంది. దేవుని కడప గుడి ఊళ్ళోనే ఉంది. అందుకని ఇక్కడ ప్రతివాళ్ళకీ ఆ పాటలు తమ ఇంటివే అనిపిస్తాయి. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద పాటకి రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. ఇవాళ మనం పాడే వరసలు 20వ శతాబ్దంలో కట్టినవి. మన అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) చాలా కీర్తనలకి స్వరం కట్టారు, తర్వాత ఇంకా ఎందరో కట్టారు. ఒకే కీర్తన రెండు రాగాల్లో వినబడేది అందుకే. మీరు ఒక బాణీ నేర్చుకుని వెళ్తారు, పాడే ఆమె ఇంకో బాణీ ఎత్తుకుంటుంది. ఒక్క లైను పాడి చూపమంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకా ధైర్యం చాలకపోతే, మొదటి నాలుగు వారాలు పల్లవికి మాత్రమే వాయించండి. ప్రతి చరణం తర్వాత పల్లవి ఎలాగూ తిరిగి వస్తుంది. చరణంలో చేతులు ఒళ్ళో పెట్టుకుని వినండి. నేను ఆరు వారాలు అలాగే చేశాను, ఎవరూ గమనించలేదు.

ఈ వారం హోంవర్క్. ఇంట్లో వాళ్ళని ఎవరినైనా వాళ్ళకి తోచిన శ్రుతిలో ఒక పల్లవి పాడమనండి. వంటింట్లో పని చేసుకుంటూ పాడేది అయితే ఇంకా మంచిది, చెప్పి పాడించుకుంటే గొంతు బిగుసుకుపోతుంది. పల్లవి రెండోసారి తిరిగేలోపల 'స' పట్టుకుని, శ్రుతి అంకె కాగితం మీద రాయండి. రోజుకి ఐదు పాటలు, ఆరు రోజులు. ముప్ఫైలో ఇరవై కుదిరితే శనివారం కీబోర్డు మోసుకుని రావచ్చు. అడాప్టర్‌తో పాటు బ్యాటరీలు కూడా తెచ్చుకోండి, మా హాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

ఐదో పాఠంలో ఎత్తుగడ. తాళం మొదటి దెబ్బ మీద కాకుండా కాస్త తర్వాత మొదలయ్యే పాటల్లో ఎక్కడ దూకాలో చూద్దాం. దానికి ఫోన్లో ఒక మెట్రోనోమ్ యాప్, అంటే లెక్కగా టిక్కు టిక్కుమని దెబ్బలు కొట్టేది, వేసుకుని, నిమిషానికి 60 దగ్గర పెట్టి సిద్ధంగా ఉంచండి.