టీ-టెస్ట్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

టీ-టెస్ట్ అంటే రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికంగా వచ్చిందా అని చూసే పరీక్ష. ప్రాక్టికల్‌లో ఎక్సెల్ తెరవగానే ఫార్ములా కొట్టేయకండి. ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి: ఒకే వరసలో ఉన్న రెండు అంకెలకూ సంబంధం ఉందా?

అలిపిరిలో మెట్లెక్కే ముందు ఒకరి పల్స్ చూశారు, కొండపైకి చేరాక అదే మనిషిది మళ్లీ చూశారు. ఇది పెయిర్డ్ (జతల డేటా). అలిపిరి దారిన (సుమారు 3,550 మెట్లు) వచ్చినవాళ్ల పల్స్‌ని, శ్రీవారి మెట్టు దారిన వచ్చినవాళ్ల పల్స్‌తో పోలిస్తే ఇండిపెండెంట్ (సంబంధం లేని రెండు గుంపులు). అటు 20 మంది, ఇటు 20 మంది ఉన్నారు కదా అని జతలు కట్టేయకూడదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అన్నదమ్ముల జతలు తీసుకుని ఒకర్ని ఈ దారిన, ఒకర్ని ఆ దారిన పంపితే మాత్రం, మనుషులు వేరైనా అది పెయిర్డే.

పెయిర్డ్ అని తేలిందా, అయితే:

- ఒక్క కాలమ్‌నే విడిగా సార్ట్ చేయొద్దు. ఒకరి ముందు రీడింగ్ పక్కన ఇంకొకరి తర్వాతి రీడింగ్ వచ్చి కూర్చుంటుంది, ఎక్సెల్ కిక్కురుమనదు.
- దారి మధ్యలో మోకాళ్ల పర్వతం దగ్గరే ఆగిపోయి రెండో రీడింగ్ ఇవ్వనివాళ్ల జత మొత్తం తీసేయాలి.
- నార్మల్‌గా (గంట ఆకారంలో) ఉందా అని చూడాల్సింది ముందు, తర్వాత రీడింగ్‌ల తేడాల కాలమ్‌ని, విడివిడి కాలమ్‌లని కాదు.
- 20 జతలకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగల విలువల సంఖ్య) 19, అంటే జతల సంఖ్యలో ఒకటి తక్కువ. రికార్డులో ఇండిపెండెంట్ లెక్కన 38 (20+20−2) అని రాస్తే వైవాలో దొరికిపోతారు.

ఇండిపెండెంట్‌కి పెద్ద టెన్షన్ లేదు. ఎక్సెల్ టీ-టెస్ట్ ఫార్ములాలో టైప్ 1 పెయిర్డ్, 2 సమాన వేరియన్స్ (రెండు గుంపుల్లో అంకెల చెదురు సమానం), 3 అసమాన వేరియన్స్. అనుమానంగా ఉంటే నేనైతే 3 వేస్తాను. వన్ టెయిలా (తేడా ఒక వైపే చూడటం), టూ టెయిలా (రెండు వైపులా చూడటం) అన్నది డేటా చూడకముందే రాసి పెట్టుకోండి.