చికెన్ పడని కుక్కకు చిలగడదుంప బిస్కెట్లు

కుక్కల్లో ఫుడ్ ఎలర్జీకి ఎక్కువగా కారణమయ్యే చికెన్, బీఫ్, పాలు, గోధుమ వీటిలో ఉండవు.

200 గ్రాముల చిలగడదుంపను ఆవిరి మీద ఉడికించి, తొక్క తీసి మెదపండి. నీళ్లలో ఉడికిస్తే తడి పట్టి ముద్ద చేతికి అంటుకుంటుంది; ఇంకా ఇంకా పిండి వేస్తే బిస్కెట్ రాయవుతుంది. చల్లారాక 120 గ్రాముల బియ్యప్పిండి కలపండి. నొక్కితే అంచు పగలకూడదు. ఉప్పు, బెల్లం వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, కుక్కకు విషం.

అర సెంటీమీటరు మందాన ఒత్తి, చిన్న ముక్కలు కోసి, ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు కాల్చండి, మధ్యలో ఒకసారి తిప్పాలి. లోపల తడి మిగిలితే త్వరగా బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంచవచ్చు.

మొదట రోజుకు ఒక్క ముక్కే. దురద వెంటనే కనిపించకపోవచ్చు. డాక్టర్ ఎలిమినేషన్ డైట్ (ఏది పడటం లేదో తేల్చడానికి కొన్నాళ్లు చెప్పిన ఆహారం మాత్రమే ఇవ్వడం) పెట్టి ఉంటే మాత్రం అది పూర్తయ్యేదాకా ఇవి కూడా పెట్టకండి.