అభిమానులు నడిపే రోబో మాస్టర్ డిజైన్ పోటీ: నిర్వాహకులు ముందే తేల్చుకోవలసిన విషయాలు

జపాన్‌లో రాక్‌మ్యాన్ అనీ, ఇతర దేశాల్లో మెగామ్యాన్ అనీ పిలిచే క్యాప్‌కామ్ వీడియో గేమ్‌లో, దశ చివర ఎదురయ్యే ప్రత్యర్థి రోబోలను రోబో మాస్టర్లు అంటారు. 1988లో వచ్చిన రెండో గేమ్ కోసం ఈ రోబోల రూపాలను కంపెనీ అభిమానుల నుంచే ఆహ్వానించగా 8,370 బొమ్మలు వచ్చాయి. 1993 నాటి ఆరో గేమ్‌కు ఆ సంఖ్య రెండు లక్షలు దాటింది; నింటెండో పవర్ పత్రిక ద్వారా ఉత్తర అమెరికా నుంచి అందిన బొమ్మల్లోంచి నైట్‌మ్యాన్, విండ్‌మ్యాన్ ఎంపికయ్యాయి. నాలుగో గేమ్‌లోని డస్ట్‌మ్యాన్‌నూ ఐదో గేమ్‌లోని క్రిస్టల్‌మ్యాన్‌నూ ఊహించి పంపిన బాలుడు యూసుకే మురాతా పెద్దయ్యాక పేరు మోసిన మాంగా చిత్రకారుడయ్యాడు. ఈ సంగతి తెలిసిన అభిమానికి, తానూ అలాంటి పోటీ ఒకటి పెడితే బాగుండునని ఎప్పుడో ఒకప్పుడు అనిపించి తీరుతుంది. నాకూ అనిపించి, డిస్కార్డ్ అనే చాట్ వేదికలో మూడుసార్లు నిర్వహించాను. మొదటిసారి ఇద్దరు స్నేహితులతో మాటలు పోయాయి, రెండోసారి ఫలితాలు రెండు నెలలు ఆలస్యమయ్యాయి, మూడోసారి మాత్రం పరువు దక్కింది. వెనక్కి తిరిగి చూసుకుంటే, పడిన చికాకులు దాదాపు అన్నీ నేను మనసులో అనుకుని నిబంధనల్లో రాయకుండా వదిలేసిన మాటల దగ్గరే పుట్టాయి. అందువల్ల ఈ వ్యాసంలో పోస్టర్ ఎలా వేయాలి, ప్రచారం ఎలా చేయాలి అన్నవాటి జోలికి పోకుండా, ప్రకటన వెలువడే ముందు ఏయే విషయాలు రాతలో ఉండాలో మాత్రమే చెబుతాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది, మీరు దేనికి మార్కులు వేయబోతున్నారన్నది. మొదటి పోటీలో నేను "ఉత్తమ డిజైన్‌కు బహుమతి" అని ఒక్క వాక్యం రాసి, అందులో అంతా ఉందనుకున్నాను. చివరికి రెండు ఎంట్రీలు మిగిలాయి. ఒకటి నిప్పులు కక్కే డ్రాగన్ కవచం తొడుక్కున్న రోబో. కంప్యూటర్‌లో గీసి, లోహం మీద వెలుగునీడలు కూడా దిద్దిన అందమైన బొమ్మ. రెండోది రూళ్ల నోటుపుస్తకంలో పెన్సిల్‌తో గీసి, ఫోన్‌తో ఫొటో తీసి పంపిన బోరింగ్‌మ్యాన్. మన ఊళ్లలో వీధి చివర ఉండే చేతి బోరింగే ఆ రోబో. దాని కుడిచెయ్యే పిడి. నీటి దెబ్బ కొట్టాలంటే అది ముందు మూడుసార్లు పిడి కొట్టుకోవాలి, ఆ మూడు దెబ్బల వ్యవధిలోనే ఆటగాడు దాని మీద కాల్పులు జరపాలి. గీత వంకరగా ఉంది, కాళ్లు రెండూ ఒక పొడవులో లేవు, కానీ ఆ పోరాటం ఎలా సాగుతుందో బొమ్మ చూడగానే అర్థమైపోతుంది. ముగ్గురు న్యాయనిర్ణేతలు "ఉత్తమ డిజైన్" అన్న మాటకు మూడు అర్థాలు చెప్పుకున్నారు, డ్రాగన్ గెలిచింది, ఆ తర్వాత జరిగిన వాదోపవాదాల్లో నా దగ్గర చూపించడానికి ఒక్క నిబంధనా లేకపోయింది.

కాబట్టి, "ఇది బొమ్మ గీసే నేర్పుకు పోటీ కాదు, పాత్రను ఊహించే నేర్పుకు పోటీ" అనో, లేదా దానికి పూర్తిగా విరుద్ధంగానో, ఏదో ఒకటి మొదటి పేరాలోనే స్పష్టంగా రాయండి. రెండూ న్యాయమైనవే గానీ రెండింటినీ కలిపితేనే గొడవ. నా మొగ్గు మొదటిదాని వైపే ఉంది, ఎందుకంటే క్యాప్‌కామ్ కూడా గెలిచిన బొమ్మలను తన చిత్రకారులతో తిరిగి గీయించుకుంది. అది పిల్లల దగ్గర వెతికింది ఆలోచనను. ఇప్పుడు నేను వందకు నలభై మార్కులు ఆలోచనకూ ఆయుధానికీ, ముప్పై ఆకారానికీ, ఇరవై ఆ గేమ్ ప్రపంచంలో ఇమిడే తీరుకూ, పది మాత్రమే బొమ్మ నగిషీకీ కేటాయిస్తున్నాను. ఆకారానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పాత నింటెండో యంత్రంలో ఒక్కో స్ప్రైట్‌కు, అంటే తెర మీద కదిలే చిన్న బొమ్మకు, పారదర్శకం పోను మూడు రంగులే దక్కుతాయి, మెగామ్యాన్ బొమ్మ మొత్తం ఎత్తు సుమారు 24 పిక్సెల్స్. వచ్చిన ఎంట్రీని మొత్తం నల్లగా నింపి, ఆ పరిమాణానికి కుదించి చూడండి. బోరింగ్ పిడి అప్పుడు కూడా బోరింగ్ పిడిలాగే కనిపించింది, డ్రాగన్ మాత్రం నల్లటి ముద్దగా మారింది. ఈ పరీక్ష చేస్తామని పోటీదారులకు ముందే చెబితే, పంపే బొమ్మల తీరే మారిపోతుంది.

దీనితోపాటు ఎంట్రీ ఎంత ఉండాలో కూడా కొలత పెట్టండి. ముందు నుంచి చూసిన ఒక బొమ్మ, ఆయుధం గురించి యాభై పదాలు, ఏ ఆయుధానికి ఈ రోబో లొంగుతుందో ఒక వాక్యం చాలు. ఈ కొలత లేనప్పుడు ఒకరు నాకు పదకొండు పేజీల పూర్వకథ పంపారు, అందులో రోబో తాతగారి ప్రస్తావన కూడా ఉంది. ఎంట్రీలను ఛానల్‌లోనూ వ్యక్తిగత సందేశాల్లోనూ కాకుండా ఒక్క గూగుల్ ఫారం ద్వారానే స్వీకరించండి. ప్రతిదానికీ ఒక సంఖ్య ఇచ్చి, న్యాయనిర్ణేతలకు పేరు లేకుండా ఆ సంఖ్యతోనే పంపండి.

గడువు విషయంలో "ఆదివారం రాత్రి వరకు" అని రాయడం కోరి తగాదా తెచ్చుకోవడమే. హైదరాబాద్‌లో ఆదివారం రాత్రి ముగిసేసరికి డాలస్‌లో ఉన్న మన కుర్రవాడికి ఇంకా మధ్యాహ్నమే అవుతుంది; పైగా అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. భూమి మీద ఎక్కడైనా సరే ఆ తేదీ మిగిలి ఉన్నంతవరకు గడువు ఉన్నట్టే అనే పద్ధతి ఒకటి ఉంది. దాని ప్రకారం ఆదివారం రాత్రి 11:59 అంటే భారత కాలమానంలో సోమవారం సాయంత్రం 5:29. అదే పెట్టి, చూసేవారి స్థానిక సమయాన్ని చూపించే డిస్కార్డ్ టైమ్‌స్టాంప్‌ను ప్రకటనలో అతికించండి. గడువు దాటాక ఫారాన్ని మూసేయండి, ఎంత ఆప్తులు అడిగినా తెరవకండి. రెండోసారి నేను కరెంటు పోయిందన్న ఒక పోటీదారుకు ఆరు గంటలు అదనంగా ఇచ్చాను. మర్నాటికి మరో ఐదుగురి ఇళ్లలో కరెంటు పోయింది. పోటీ మొదటి మూడు వారాల్లో ఎంట్రీలు రాకపోతే దిగులుపడనక్కర్లేదు, ఎక్కువ భాగం చివరి రెండు రోజుల్లోనే వస్తాయి.

న్యాయనిర్ణేతలు ముగ్గురు కావాలంటే ఐదుగురిని అడగండి. పిలవగానే ఉత్సాహంగా ఒప్పుకున్నవారిలో ఒకరికి పరీక్షలు వస్తాయి, ఒకరు కొత్త గేమ్ విడుదలయ్యాక కనిపించరు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, ఎందుకంటే పని ఎంతో ముందు చెప్పనిది మనమే. అరవై ఎంట్రీలకు ఒక్కోదానికి పది నిమిషాల చొప్పున లెక్కేస్తే ఒక్కొక్కరి మీద పది గంటల పని పడుతుంది. అందులో ప్రతి పోటీదారుకూ రెండు మూడు వాక్యాల అభిప్రాయం రాసే సమయం కలపలేదు. ఈ లెక్కను పిలిచినప్పుడే చెప్పి, రోజుకు పది ఎంట్రీల చొప్పున పంచి, ఫలానా తేదీకి మార్కులు రాకపోతే వారి స్థానంలో నాలుగోవారి మార్కులు తీసుకుంటామని ముందే రాసుకోండి. అన్నదమ్ములో, జట్టు సభ్యులో పోటీలో ఉంటే ఆ ఒక్క ఎంట్రీకి వారు మార్కులు వేయకూడదన్న షరతూ ఉండాలి.

ఇక మార్కులు కూడే పద్ధతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే అన్యాయం ఎవరి కంటా పడదు. మొదటి న్యాయనిర్ణేత ఒక ఎంట్రీకి 9, రెండోదానికి 8 వేశారనుకోండి. మూడోవారూ అలాగే 9, 8 వేశారు. రెండోవారికి మాత్రం చేతి విసురు ఎక్కువ. మొదటిదానికి 4, రెండోదానికి 8 వేశారు. కూడితే మొదటి ఎంట్రీకి 22, రెండోదానికి 24 వచ్చాయి. ముగ్గురిలో ఇద్దరు మెచ్చిన ఎంట్రీ ఓడిపోయింది, ఒక్కరి అయిష్టం ఇద్దరి ఇష్టాన్ని మింగేసింది. అదే మార్కులను స్థానాలుగా మార్చి కూడితే మొదటిదానికి ఒకటి, రెండు, ఒకటి కలిపి 4, రెండోదానికి 5 వస్తాయి. స్థానాల లెక్కలో తక్కువ సంఖ్యే మేలు కాబట్టి మొదటిదే గెలుస్తుంది. తీవ్రమైన అయిష్టానికి కూడా విలువ ఉండాలని వాదించేవారున్నారు, ఆ వాదనను నేను కొట్టిపారేయను. కానీ ఏ పద్ధతి వాడతారో ఎంట్రీలు తెరవకముందే ప్రకటించాలి. మార్కులు చూశాక పద్ధతి మారిస్తే, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా నమ్మేవారుండరు.

అందరి ఓటింగ్‌తో విజేతను తేల్చాలన్న ఆలోచన మానుకుంటేనే మంచిది. ఎక్కువమంది స్నేహితులున్నవారే గెలుస్తారు, లేనివారు కొత్త ఖాతాలు తెరుస్తారు. సరదా కోసం ప్రేక్షకుల బహుమతి ఒకటి విడిగా పెట్టండి చాలు.

నకలు, ఏఐ బొమ్మల సంగతి మరింత సున్నితమైనది. ఏఐని అనుమతిస్తారా లేదా, అధికారిక స్ప్రైట్ మీద రంగులు మార్చి పంపితే ఏమవుతుంది అన్నవి రాతలో ఉండాలి. తుదిదశకు వచ్చినవారి నుంచి చిత్తుగీతలు, లేయర్లు ఉన్న ఫైలు అడుగుతామని కూడా రాయండి. అనుమానం వస్తే వ్యక్తిగతంగా, ప్రశ్నలాగా మాత్రమే అడగండి. నేను చేసిన అతి పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. ఒక ఎంట్రీ బొమ్మను వేరే ఖాతాలో చూసి, ఇది దొంగిలించినదని అందరి ముందూ రాసేశాను. ఆ ఖాతా కూడా ఆ అమ్మాయిదేనని గంట తర్వాత తెలిసింది. క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాను, ఆమె మళ్లీ ఏ పోటీలోనూ పాల్గొనలేదు.

హక్కుల గురించి రెండు వాక్యాలు చాలు: పాత్ర మీద హక్కు గీసినవారిదే, దాన్ని పోటీ పేజీలో చూపించే అనుమతి మాత్రమే నిర్వాహకులది. గెలిచిన పాత్రలతో ఫ్యాన్ గేమ్ చేయాలని ఉంటే విడిగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, డబ్బు మాత్రం ఎక్కడా ముట్టుకోకండి. అభిమానుల పని విషయంలో అన్ని కంపెనీలూ ఒకేలా ఉండవు. క్యాప్‌కామ్ 2012 డిసెంబరులో ఒక అభిమాని చేసిన మెగామ్యాన్ గేమ్‌ను తానే ఉచితంగా విడుదల చేయగా, నింటెండో 2016 ఆగస్టులో మెట్రాయిడ్ అనే తన గేమ్‌కు అభిమానులు చేసిన రీమేక్‌ను విడుదలైన కొద్ది రోజులకే తొలగింపజేసింది. చేయగలిగినదాన్నే వాగ్దానం చేయండి. మెగామ్యాన్ లెజెండ్స్ 3కి కథానాయిక రూపాన్ని అభిమానుల ఓటుతో ఎంచుకున్నాక 2011 జూలైలో ఆ గేమ్ రద్దయింది. అంత పెద్ద కంపెనీకే అలా అయినప్పుడు, ఖాళీ సమయంలో కోడ్ రాసుకునే మనం "గెలిచిన రోబోలన్నీ గేమ్‌లోకి వస్తాయి" అని రాయడానికి వెనకాడాలి.

ఫలితాలను శనివారం పొద్దున ప్రకటించండి, రాత్రి కాదు. ప్రకటించాక కనీసం మూడు గంటలు అక్కడే కూర్చుని జవాబులు చెప్పవలసి ఉంటుంది. మార్కుల పట్టిక మొత్తాన్ని న్యాయనిర్ణేతల పేర్లు తీసేసి బయటపెట్టండి. ఫిర్యాదులకు వారం రోజులు గడువిచ్చి, లెక్క తప్పులను మాత్రమే సవరిస్తామని, అభిరుచుల మీద వాదనలు స్వీకరించబోమని రాయండి. మూడో పోటీలో నాకు వచ్చినది ఒకే ఒక్క ఫిర్యాదు, అది కూడా మూడో స్థానం పోగొట్టుకోబోతున్న పోటీదారు దగ్గర నుంచే వచ్చింది. పట్టికలో మరో ఎంట్రీకి ఒక న్యాయనిర్ణేత ఇచ్చిన స్థానాన్ని నేను రెండుసార్లు కూడానని, ఆ లెక్కన మూడో స్థానం తనది కాదని ఆయన రాశారు.