మెయిల్ వస్తోంది కానీ పోవట్లేదా?

అంబాజీపేటలో మా బావగారి కొబ్బరి కొట్టులో నెట్ కనెక్షన్ మార్చాక ఇదే గోల. ఆర్డర్లు వచ్చి పడుతున్నాయి, బిల్లులు మాత్రం అవుట్‌బాక్స్‌లోంచి కదలవు. పాపం, పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చారు!

వచ్చే మెయిల్‌కీ పోయే మెయిల్‌కీ సర్వర్లు వేరండి. పంపేదాన్ని ఎస్‌ఎమ్‌టీపీ సర్వర్ అంటారు. మెయిల్ సెట్టింగుల్లో దాని దగ్గర చూస్తే పోర్టు, అంటే సర్వర్‌లోకి వెళ్ళే ద్వారం నంబరు, 25 అని ఉంది. అది సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే దారి. స్పామ్ భయంతో చాలా నెట్ కంపెనీలు మామూలు కనెక్షన్లకి దాన్ని మూసేస్తాయి. మనం పంపాలంటే పోర్టు 587 పెట్టి, మెయిల్‌ని దారిలో ఎవరూ చదవకుండా కాపాడే స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి. లేదా 465, అలాంటి రక్షణే ఇచ్చే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్‌తో. పంపే సర్వర్‌కి కూడా లాగిన్ వివరాలు ఇవ్వాలి. లేకపోతే బయటి చిరునామాలకి మెయిల్ చేరవెయ్యనని (రిలే చెయ్యనని) మొరాయిస్తుంది.

మార్చగానే 11 బిల్లులు ఒక్కసారే బయల్దేరాయి. అందులో రెండు పాత రేటువి, ఫోన్ చేసి చెప్పుకోవాల్సొచ్చింది.