సీఎన్‌సీ మిల్లులో డ్రైవర్ ఫాల్ట్: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

ఇక్కడ తీసుకున్నది మూడు యాక్సిస్‌ల చిన్న మిల్లు. ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) ఉన్న క్లోజ్డ్ లూప్ స్టెప్పర్ డ్రైవర్లు (మోటార్లను నడిపే పెట్టెలు) మూడు, కంప్యూటర్‌కూ డ్రైవర్లకూ మధ్య సిగ్నళ్లు అందించే 5 వోల్టుల బ్రేకౌట్ బోర్డు, కంప్యూటర్లో మిల్లును నడిపే సాఫ్ట్‌వేర్ లినక్స్‌సీఎన్‌సీ. మీ దగ్గర దాని బదులు మాక్3 ఉన్నా జీఆర్‌బీఎల్ ఉన్నా వైరింగ్ సంగతులు దాదాపు ఇవే.

ముందు ఒక్క విషయం. డ్రైవర్ మీద ఏఎల్ఎం ప్లస్, ఏఎల్ఎం మైనస్ అని ఉండే టెర్మినళ్లు (అలారం, అంటే ఫాల్ట్ కబురు పంపేవి) తమంతట తాము వోల్టేజ్ ఇవ్వవు. లోపల ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్) ట్రాన్సిస్టర్ ఒకటి స్విచ్‌లా పనిచేస్తుంది, అంతే. అక్కడ మీటర్ పెట్టి "5 వోల్టులు రావట్లేదు, డ్రైవర్ పోయింది" అనుకునేవాళ్లు చాలామంది. కంటిన్యూటీ బీప్‌నూ నమ్మలేం, ప్రోబ్‌లు తిరగేస్తే జవాబూ తిరగబడుతుంది. సరైన పద్ధతి ఇది: 5 వోల్టుల నుంచి 4.7 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా ఏఎల్ఎం ప్లస్‌కు, ఏఎల్ఎం మైనస్ నుంచి గ్రౌండ్‌కు కలపండి. ఆ రెండు టెర్మినళ్ల మధ్య 1 వోల్టు చుట్టుపక్కలో, అంతకు తక్కువో కనిపిస్తే ట్రాన్సిస్టర్ కండక్ట్ చేస్తోంది. దాదాపు 5 కనిపిస్తే చేయడం లేదు. డ్రైవర్ బాగున్నప్పుడు ఏది, ఫాల్ట్‌లో ఏది అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లడం ఆ తర్వాతే.

మోటార్లు బిగుసుకున్నాయి, డ్రైవర్ మీద పచ్చ లైటే ఉంది, స్క్రీన్ మీద మాత్రం ఫాల్ట్

ఒకటి, ప్లస్ మైనస్ తిరగబడి ఉండొచ్చు. రెండు, డ్రైవర్ అలారం తీరు మీరనుకున్నదానికి ఉల్టా ఉండొచ్చు. కొన్ని డ్రైవర్లలో అంతా బాగున్నప్పుడు ట్రాన్సిస్టర్ కండక్ట్ చేస్తుంది, కొన్నింటిలో ఫాల్ట్ వస్తేనే చేస్తుంది. కొన్నింటిలో సెట్టింగ్‌తో మార్చుకోవచ్చు. రెండోది అయితే హాల్ ఫైల్లో (లినక్స్‌సీఎన్‌సీలో ఏ పిన్ దేనికో రాసే ఫైలు) ఆ ఇన్‌పుట్ పిన్‌కు "నాట్" రూపం వాడితే సరిపోతుంది. కానీ వీలుంటే బాగున్నప్పుడు కండక్ట్ చేసే తీరుకే మార్చుకోండి. అప్పుడు వైర్ తెగినా, డ్రైవర్‌కు పవర్ పోయినా మిషన్ ఆగుతుంది. ఫాల్ట్ వస్తేనే కండక్ట్ చేసే తీరులో వైర్ తెగిందంటే, ఫాల్ట్ వచ్చినా కంట్రోలర్‌కు కబురు అందదు. వై యాక్సిస్ నిలబడిపోయినా ఎక్స్ తన దారిన తాను నడుస్తూ జాబ్‌ను కోసుకుంటూ పోతుంది.

ఒక్కో డ్రైవర్ విడిగా బాగానే ఉంది, మూడూ సిరీస్‌లో కలిపితే ఫాల్ట్ పోవట్లేదు

ఇది మనుషుల్ని బాగా తిప్పలు పెట్టే కేసు, ఎందుకంటే వైరింగ్‌లో తప్పేమీ కనిపించదు. కండక్ట్ చేస్తున్న ట్రాన్సిస్టర్ మీద కూడా కొంత వోల్టేజ్ మిగులుతుంది. మామూలు ఆప్టోలో అది 0.2 వోల్టుల లెక్కలో ఉంటుంది, డార్లింగ్టన్ రకంలో (రెండు ట్రాన్సిస్టర్లు జతగా ఉండేది) సుమారు 1 వోల్టు. అలాంటివి మూడు వరసగా పెడితే ఇన్‌పుట్ పిన్ దగ్గర 3 వోల్టులు మిగిలిపోతాయి. టీటీఎల్ (5 వోల్టుల లాజిక్) ఇన్‌పుట్ "లో" అని ఒప్పుకోవాలంటే 0.8 వోల్టుల లోపు ఉండాలి. కాబట్టి బోర్డుకు లూప్ తెగినట్టే కనిపిస్తుంది. పిన్ దగ్గర మీటర్ పెడితే నిమిషంలో తేలిపోతుంది.

ఇన్‌పుట్లు ఖాళీగా ఉంటే ఒక్కో డ్రైవర్‌కు ఒక్కో పిన్ ఇవ్వడం మేలు, ఏ యాక్సిస్ ఆగిందో కూడా తెలుస్తుంది. కానీ ప్యారలల్ పోర్టులో మామూలుగా దొరికే ఇన్‌పుట్లు 10, 11, 12, 13, 15, అంటే ఐదే. హోమ్ స్విచ్‌లు, ఎమర్జెన్సీ స్టాప్, ప్రోబ్ పెట్టేసరికి అవి అయిపోతాయి. అప్పుడు లూప్‌ను 24 వోల్టులకు మార్చండి: 24 వోల్టులు, మూడు అలారం అవుట్‌పుట్లు వరసగా, చివర చిన్న 24 వోల్టుల రిలే కాయిల్. ఆ రిలే కాంటాక్ట్‌నే బోర్డుకు ఇవ్వండి. 3 వోల్టులు పోయినా 21 మిగులుతాయి, రిలే హాయిగా లాగుతుంది. కాయిల్‌కు అడ్డంగా డయోడ్ తప్పనిసరి, దాని గీత ఉన్న వైపు ప్లస్‌కు. లేకపోతే రిలే వదిలిన ప్రతిసారీ వచ్చే స్పైక్‌కు ఆప్టో ఏదో ఒకరోజు బలైపోతుంది. కాయిల్ తీసుకునే కరెంటు అలారం అవుట్‌పుట్ పరిమితి లోపలే ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాక మిషన్ మళ్లీ ఆన్ కావట్లేదు

అలారం కాంటాక్ట్‌ను ఎమర్జెన్సీ స్టాప్ లూప్‌లోనే కలిపి, ఆ లూప్‌తోనే డ్రైవర్ల పవర్ కాంటాక్టర్‌ను (పవర్ కలిపే పెద్ద రిలే) నడిపితే ఇది ఖాయం. డ్రైవర్లకు పవర్ లేదు కాబట్టి అలారం లూప్ తెగి ఉంటుంది. లూప్ తెగి ఉంది కాబట్టి కాంటాక్టర్ లాగదు. దీనికి అలారం దగ్గర జంపర్ వేసేస్తుంటారు కొందరు. అది ఫాల్ట్ వైర్‌ను పీకి పారేయడంతో సమానం.

రెండు లూప్‌లనూ విడదీయండి. ఎర్ర బటన్ లూప్ నేరుగా కాంటాక్టర్‌కు వెళ్లాలి, మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉండకూడదు. అలారం కంట్రోలర్ ఇన్‌పుట్‌కు వెళ్లాలి. లినక్స్‌సీఎన్‌సీలో దాన్ని ఆ జాయింట్ (అంటే ఆ యాక్సిస్ మోటార్) ఆంప్-ఫాల్ట్-ఇన్ పిన్‌కు కలిపితే, జాయింట్ ఎనేబుల్ అయి ఉన్నప్పుడే చూస్తుంది. కాబట్టి పవర్ వచ్చి, డ్రైవర్లు లేచాక మిషన్ ఆన్ నొక్కితే చిక్కు ఉండదు.

స్పిండిల్ ఆన్ చేయగానే ఫాల్ట్, ఆపితే మామూలే

వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని నడిపే డ్రైవ్) నాయిస్. చాలామంది ముందు డీబౌన్స్ (క్షణికమైన సిగ్నళ్లను పట్టించుకోకుండా ఆగే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్) పెంచుతారు. నా దృష్టిలో అది ఆఖరి మందు. స్పిండిల్‌కు షీల్డ్ కేబుల్ వేసి, షీల్డ్‌ను వీఎఫ్‌డీ ఎర్త్‌కు కలపండి. సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ను ప్యానెల్ వైపు ఒక్కచోటే ఎర్త్ చేయండి. రెండు కేబుళ్లనూ ఒకే డక్ట్‌లో వేయొద్దు, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. ఆర్డ్యునో ఊనో మీద జీఆర్‌బీఎల్ వాడేవాళ్లకు ఇంకో బలహీనత: చిప్ లోపలి పులప్ (పిన్‌ను 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) 20 నుంచి 50 కిలోఓమ్‌లు, నాయిస్‌కు అది చాలదు. బయట 4.7 కిలోఓమ్ పులప్, పిన్ నుంచి గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. అరమిల్లీసెకను లోపు వచ్చే చిల్లర స్పైకులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

ఫాల్ట్ ఏమీ లేదు, కానీ జాబ్ మెల్లగా ఒక పక్కకు జరిగిపోతోంది

దిశ మారే క్షణంలో డైరెక్షన్ సిగ్నల్ కుదురుకోకముందే పల్స్ (మోటార్‌ను ఒక్క అడుగు కదిపే సిగ్నల్) పడుతోంది. ఎన్‌కోడర్ ఉన్నా లాభం లేదు, డ్రైవర్ తనకు అందిన తప్పు పల్స్‌నే నమ్మకంగా పాటిస్తుంది. లెక్క చూడండి. 1600 పల్స్‌లకు ఒక చుట్టు, బాల్ స్క్రూ లీడ్ 5 మిల్లీమీటర్లు అనుకుంటే మిల్లీమీటరుకు 320 పల్స్‌లు. ఒక పల్స్ ఇటు పడాల్సింది అటు పడితే తేడా రెండు పల్స్‌లు, 0.00625 మిల్లీమీటర్. అలా 500 సార్లు పడితే 3 మిల్లీమీటర్లు దాటిపోతుంది. 3డీ చెక్కుడులో 500 మలుపులు ఎంతసేపు?

పల్స్ పోలారిటీ తిరగేసి చూడండి (జీఆర్‌బీఎల్‌లో $2). డ్రైవర్ల ప్లస్ టెర్మినళ్లన్నీ 5 వోల్టులకు కలిపిన వైరింగ్‌లో ఈ తప్పు ఎక్కువ. లినక్స్‌సీఎన్‌సీలో డైరెక్షన్ సెటప్, హోల్డ్ (పల్స్‌కు ముందు, తర్వాత డైరెక్షన్ సిగ్నల్ నిలకడగా ఉండాల్సిన సమయాలు) రెండింటినీ మాన్యువల్ చెప్పినదానికంటే కాస్త ఎక్కువ పెట్టండి. డ్రైవర్ 5 మైక్రోసెకన్లు అడిగితే 5000 నానోసెకన్లకు పైనే.

డ్రైవర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది

ఇది నిజమైన ఫాల్ట్, సిగ్నల్ వైరింగ్‌ను తిట్టకండి. లైటు ఎన్నిసార్లు మిణుకుతోందో లెక్కపెట్టి మాన్యువల్‌తో పోల్చండి. ఓవర్ కరెంట్ అయితే మోటార్ వైర్లలో షార్ట్, ఓవర్ వోల్టేజ్ అయితే సప్లై ఎక్కువ కావడమో, బరువైన టేబుల్‌ను గట్టిగా ఆపినప్పుడు మోటార్ నుంచి కరెంటు వెనక్కి రావడమో. పొజిషన్ ఎర్రర్ అయితే ముందు ఎన్‌కోడర్ ప్లగ్, తర్వాత గిబ్ (టేబుల్ జారే దారిలో వదులు తీసే పట్టీ) బిగుతు చూడండి.

అంతా సరిచేశాక, కట్టర్ తీసేసి, యాక్సిస్ గాలిలో నడుస్తుండగా ఒక్కో డ్రైవర్ అలారం వైరునే ఒకటి తర్వాత ఒకటి విప్పి చూడండి. బాగున్నప్పుడు కండక్ట్ చేసే తీరైతే మూడుసార్లూ మిషన్ ఆగాలి. మోటార్ వైర్లు మాత్రం పవర్ ఉండగా ముట్టుకోవద్దు, డ్రైవర్ కాలిపోతుంది.