అమెరికా మధ్యంతర ఎన్నికల ఫలితాన్ని ఎలా చదవాలి?

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో, వీసా కోసం ఎదురుచూస్తున్న ఇళ్లలో అక్కడి ఎన్నికల వార్తలను మన ఎన్నికల వార్తలంత శ్రద్ధగా వింటారు. ఫలితం రాగానే ‘అమెరికా ప్రజలు అధ్యక్షుణ్ణి తిరస్కరించారు’ అనో, ‘ఆయన వెంటే నిలిచారు’ అనో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ వాక్యం చాలాసార్లు తప్పు. ఓటర్లు అనని మాటను వారి నోట పెట్టడం చిన్న పొరపాటు కాదు. గెలిచినవారు ఆ మాటను చూపించే తర్వాత చట్టాలు చేస్తారు. అందుకే ఫలితాన్ని చదవడానికి నేను పాటించే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందుగా పేరు సంగతి. మన దగ్గర మధ్యంతర ఎన్నికలంటే సభ గడువు తీరకముందే రద్దయితే వచ్చేవి. 1971, 1980 లోక్‌సభ ఎన్నికలు అలాంటివే. అమెరికాలో అర్థం వేరు. అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం మధ్యలో, నవంబరు మొదటి సోమవారం మర్నాడు ఇవి తప్పకుండా జరుగుతాయి. అక్కడి పార్లమెంటులో ఉన్న రెండు సభల్లో, ప్రతినిధుల సభలోని మొత్తం 435 స్థానాలకు, సెనేట్‌లోని 100 స్థానాల్లో దాదాపు మూడో వంతుకు, 36 రాష్ట్రాల గవర్నర్ పదవులకు పోలింగ్ ఉంటుంది. అధ్యక్షుడి పేరు ఏ బ్యాలెట్ మీదా ఉండదు. ఆయన పార్టీ ఓడినా ప్రభుత్వం పడిపోదు.

1. తొందరపడకండి

మనకు బుధవారం తెల్లవారేసరికి తూర్పు రాష్ట్రాల లెక్కలు మొదలవుతాయి. మధ్యాహ్నానికల్లా విశ్లేషణలు వచ్చేస్తాయి. అప్పటికి కాలిఫోర్నియాలో తపాలా ఓట్లు ఇంకా చేరుతూనే ఉంటాయి. 2022లో పోలింగ్ నవంబరు 8న జరిగితే, ప్రతినిధుల సభ రిపబ్లికన్లదేనని తేలింది నవంబరు 16న. అంతవరకు మీ కాగితం మీద తేదీ తప్ప మరేమీ రాయకండి.

2. సీట్లను, ఓట్లను విడివిడిగా రాయండి

సీట్ల సంఖ్య సభ ఎవరి చేతిలో ఉంటుందో చెబుతుంది. ఎంతమంది ఎటు మొగ్గారో తెలియాలంటే ఓట్లు చూడాలి. 2018లో విస్కాన్సిన్‌లో గవర్నర్ సహా రాష్ట్రవ్యాప్త పదవులన్నీ డెమోక్రాట్లు గెలిచారు. అదే రోజు రాష్ట్ర అసెంబ్లీలోని 99 స్థానాల్లో 63 రిపబ్లికన్లకు వచ్చాయి. రాష్ట్రం ఒకటే, ఓటర్లూ వాళ్లే. డెమోక్రాట్ ఓటర్లు మిల్వాకీ, మాడిసన్ నగరాల్లో గుంపుగా ఉండటం ఒక కారణం. నియోజకవర్గాల హద్దులను 2011లో రిపబ్లికన్లు తమకు అనుకూలంగా గీసుకోవడం ఇంకో కారణం. అసెంబ్లీ బలాబలాలు మాత్రమే చూసినవారికి విస్కాన్సిన్ మనసు తలకిందులుగా కనిపిస్తుంది.

జాతీయ ఓట్ల శాతాన్ని కూడా కొంచెం జాగ్రత్తగానే వాడండి. కొన్ని నియోజకవర్గాల్లో ఒకే పార్టీ అభ్యర్థి బరిలో ఉంటారు, అక్కడి ఓట్లు మొత్తం లెక్కను ఒకవైపుకు లాగుతాయి.

3. ఎక్కడెక్కడ పోటీ జరిగిందో చూడండి

సెనేట్ విషయంలో ఇది తప్పనిసరి. 2018లో ప్రతినిధుల సభలో డెమోక్రాట్లు నికరంగా 40 స్థానాలు పెంచుకున్నారు. అదే రోజు సెనేట్‌లో రెండు పోగొట్టుకున్నారు. ‘ఓటర్లు అయోమయంలో ఉన్నారు’ అని రాసినవాళ్లున్నారు. అయోమయం ఏమీ లేదు. ఆ ఏడాది పోటీ జరిగిన 35 సెనేట్ స్థానాల్లో 26 డెమోక్రాట్ల పక్షానివే. వాటిలో పది, 2016లో ట్రంప్ గెలిచిన రాష్ట్రాల్లో ఉన్నాయి. మిగతా రాష్ట్రాల వారిని సెనేట్ గురించి ఆ రోజు ఎవరూ అడగనే లేదు.

4. మామూలుగా జరిగేదానితో పోల్చండి

అధ్యక్షుడి పార్టీ మధ్యంతరంలో ప్రతినిధుల సభ స్థానాలు కోల్పోవడం దాదాపు ఆనవాయితీ. గత తొంభై పైచిలుకు ఏళ్లలో 1934, 1998, 2002 మాత్రమే దీనికి మినహాయింపులు. కాబట్టి అధ్యక్షుడి పార్టీ ఓడిందన్నది వార్తలో సగమే. మామూలు కంటే ఎక్కువ ఓడిందా, తక్కువ ఓడిందా అన్నది అడగాలి. 2010లో అధ్యక్షుడి పార్టీ అయిన డెమోక్రాట్లు 63 స్థానాలు పోగొట్టుకున్నారు, అది పెద్ద దెబ్బ. 2022లో కూడా అధ్యక్షుడు వాళ్లవాడే, ధరలు మండిపోతున్నా వాళ్లకు తగ్గినవి తొమ్మిది. పైగా సెనేట్‌లో ఒక స్థానం పెరిగింది.

5. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు?

నాకు అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఒక చిన్న లెక్క వేద్దాం. అధ్యక్ష ఎన్నికల్లో ఒక చోట వెయ్యి ఓట్లు పడ్డాయనుకోండి. ఒక పార్టీకి 520, రెండో దానికి 480. రెండేళ్ల తర్వాత మొదటి పార్టీ వారిలో నూటికి 70 మంది, రెండో పార్టీ వారిలో నూటికి 85 మంది వచ్చారు. ఓట్లు 364, 408 అవుతాయి. రెండో పార్టీ దాదాపు 53 శాతంతో గెలిచింది. ‘ఓటర్లు మనసు మార్చుకున్నారు’ అని శీర్షిక వస్తుంది. కానీ మన లెక్కలో మనసు మార్చుకున్నవారు ఒక్కరు కూడా లేరు.

నిజ జీవితంలో రెండూ కలిసే ఉంటాయి. కొందరు పార్టీ మారతారు, కొందరు ఇంట్లో ఉండిపోతారు. ఏది ఎంత అన్నది పోలింగ్ శాతం చూడకుండా చెప్పలేం. 2014లో అర్హులైన ఓటర్లలో సుమారు 36 శాతమే ఓటు వేశారు. అంటే గెలిచిన పక్షానికి అర్హులందరిలో అయిదో వంతు మద్దతు కూడా లేదు. 2018కి పోలింగ్ 50 శాతానికి చేరింది. 18 నుంచి 29 ఏళ్ల వారిలో ఓటు వేసినవారు 20 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. ఈ రెండు ఎన్నికలను పక్కపక్కన పెట్టి ‘నాలుగేళ్లలో దేశం మారిపోయింది’ అంటే, మారింది దేశమా, వరుసలో నిలబడినవారా అని అడగాల్సిందే. ఇంట్లో ఉండిపోయినవారి మౌనాన్ని సమ్మతిగానో కోపంగానో లెక్కగట్టే హక్కు ఎవరికీ లేదు.

6. బ్యాలెట్ మీద అడిగిన ప్రశ్న ఏమిటో చదవండి

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నర్ తర్వాతి పదవికి, ఎన్నికయ్యారు. తెలుగువారందరికీ సంతోషం కలిగించిన వార్త అది. అయితే అక్కడ గవర్నర్‌కు, లెఫ్టినెంట్ గవర్నర్‌కు కలిపి ఒకటే ఓటు. వెస్ మూర్, మిల్లర్ జంటకు 64 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. అందులో ఎంత మూర్‌ను చూసి, ఎంత మిల్లర్‌ను చూసి, ఎంత పార్టీని చూసి పడిందో ఆ అంకె నుంచి విడదీయలేం.

ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు ప్రజాభిప్రాయ సేకరణలు ఉన్న రాష్ట్రాలు వెతకండి. అక్కడ బ్యాలెట్ మీదే ఒక అంశం గురించి అవునా కాదా అని అడుగుతారు. కాన్సస్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. 2020లో ట్రంప్ సుమారు 15 శాతం పాయింట్ల ఆధిక్యంతో గెలిచిన రాష్ట్రం అది. గర్భస్రావ హక్కుపై పాత తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24న కొట్టేసింది. ఆగస్టు 2న కాన్సస్ ఓటర్ల ముందుకు ఒక సవరణ వచ్చింది. ‘అవును’ అంటే ఆ రాష్ట్ర రాజ్యాంగంలో గర్భస్రావ హక్కు ఉండదు, ‘కాదు’ అంటే ఉంటుంది. అది పార్టీల ప్రైమరీ, అంటే పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ఓటింగ్, జరిగే రోజు. ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోనివారికి ఆ రోజు మామూలుగా పని ఉండదు. వాళ్లు కూడా ఈ ఒక్క ప్రశ్న కోసం వచ్చారు. 59 శాతం మంది ‘కాదు’ అన్నారు.

నవంబరులో అదే కాన్సస్ రిపబ్లికన్ సెనేటర్ జెర్రీ మోరాన్‌ను 60 శాతం ఓట్లతో మళ్లీ పంపింది. డెమోక్రాట్ గవర్నర్ లారా కెల్లీని రెండు పాయింట్ల తేడాతో నిలబెట్టింది. ఒక్క ఏడాదిలో మూడు జవాబులు వచ్చాయి. సెనేట్ ఫలితం ఒక్కటే చూస్తే గర్భస్రావం గురించి ఆ రాష్ట్రం ఏమనుకుంటోందో పూర్తిగా పొరబడతాం. 2018లో మిస్సోరీ కూడా ఇలాగే చేసింది. కనీస వేతనం పెంపునకు 62 శాతం ఓటు వేసి, అదే బ్యాలెట్ మీద డెమోక్రాట్ సెనేటర్‌ను ఓడించింది.

జార్జియాలో 2022లో రిపబ్లికన్ గవర్నర్ బ్రయాన్ కెంప్‌కు వచ్చిన ఓట్ల కంటే అదే పార్టీ సెనేట్ అభ్యర్థి హెర్షెల్ వాకర్‌కు సుమారు రెండు లక్షలు తక్కువ వచ్చాయి. పార్టీ గుర్తు చూసి కళ్లు మూసుకుని వేశారనడానికి లేదు. అభ్యర్థిని చూసినవారూ ఉన్నారు.

7. ఎగ్జిట్ పోల్‌ను చివర తెరవండి

మన దగ్గర ఎగ్జిట్ పోల్ అంటే ఎవరికెన్ని సీట్లని జోస్యం. అక్కడ దాన్ని ఎవరు, ఎందుకు ఓటు వేశారన్నది తెలుసుకోవడానికి కూడా వాడతారు. 2022లో అత్యంత ముఖ్యమైన అంశం ద్రవ్యోల్బణమని 31 శాతం, గర్భస్రావమని 27 శాతం చెప్పారు. కానీ వారికి ఇచ్చిన జాబితాలో ఉన్నవి అయిదే: ఈ రెండూ, నేరాలు, తుపాకుల విధానం, వలసలు. ప్రజాస్వామ్యం గురించో, వైద్య ఖర్చుల గురించో బెంగపడినవారు కూడా ఈ అయిదింటిలోనే ఒకటి ఎంచుకోవాలి.

8. ఇప్పుడు వాక్యం రాయండి

‘ప్రజలు’ అన్న మాట కొట్టేసి ‘ఓటు వేసినవారిలో ఇంతమంది’ అని మొదలుపెట్టండి. ఏ ప్రశ్నకు జవాబో చేర్చండి. రాబోయే అధ్యక్ష ఎన్నికల గురించి ఒక్క ముక్క కూడా రాయకండి. 1994లో 54 స్థానాలు పోగొట్టుకున్న క్లింటన్ 1996లో గెలిచారు, 2010లో దెబ్బతిన్న ఒబామా 2012లో గెలిచారు.

2022 గురించి నేను రాసుకున్నది ఇలా ఉంది: ‘అర్హుల్లో సగం కంటే తక్కువ మందే వచ్చారు. వచ్చినవారు ప్రతినిధుల సభకు రిపబ్లికన్లను కొంచెం ఎక్కువగా కోరుకున్నారు. గర్భస్రావం గురించి సూటిగా అడిగిన చోట, కాన్సస్, కెంటకీ లాంటి రిపబ్లికన్ రాష్ట్రాల్లో కూడా, హక్కును తీసేయడానికి ఒప్పుకోలేదు.’